వైద్యరత్న దీవి గోపాలాచార్యులవారు

చెన్నపట్టణమున పార్కుటౌను భాగములో రాసప్పచెట్టి వీధి యొకటి కలదు. నాటుమందుల కొట్లకు ఆ వీధి పేరుపొందినది. కరక్కాయ, తానికాయ, ఉసిరిక వరుగు, సునాముఖి ఆకు, తెగడవేరు, రేలకాయ మొదలగు సరకులు అచ్చట బస్తాలలోను డబ్బాలలోను నుండును. అడిగినవారికి అడిగినంత తూచి, పొట్లము కట్టి ఇచ్చెదరు. సరకు మంచిదో చెడ్డదో, ఎంత తూగునో వర్తకునకు తెలియును. అయితే ఆ పొట్లము ఎవరికి తగును, ఎంత తగును, ఎప్పుడు తగును అను సంగతి వైద్యునకు తెలియవలెను. ఈ రెండు తెలివులును ఒకచోట చేరిననే మందు మందగును. లేనియెడల అదియే హాని చేయును. ముఖ్యముగా కడుపును శుభ్రపరచు మందుల విషయమున ఇది మరింత నిజము. చెన్నపట్టణమున వర్తకుల ధర్మమును వైద్యుల విద్యను ఒకచోట చేర్చిన మహనీయులలో వైద్యరత్న పండిత దీవి గోపాలాచార్యులవారు ముఖ్యులు.

ఆచార్యులవారు 1872 సంవత్సరమున మచిలీపట్టణమున జన్మించిరి. వారిది వైద్యుల వంశము. చిన్ననాటినుండి ఇంటిలో నూరుటలు, కాచుటలు, వడపోయుటలు చూచుచు పెరిగిరి. అయినను ఇంటి విద్యతో తృప్తినొందక, మైసూరునకు పోయి ఆయుర్వేదమును శాస్త్రోక్తముగా అభ్యసించిరి. తరువాత ఉత్తరదేశ యాత్ర చేసి, ఆయా ప్రాంతముల వైద్యపద్ధతులను కన్నులార చూచి వచ్చిరి. ఆ కాలమున తెలుగునాట వైద్యులు తాతతండ్రుల యోగములను తాళపత్రములలో దాచుకొనుటయే గాని, ఇతర ప్రాంతములలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనువారు అరుదు. అనంతరము బెంగుళూరు, మైసూరు నగరములందు దివ్యజ్ఞాన సమాజమువారి ఆయుర్వేద వైద్యశాలలలో ప్రధాన వైద్యులుగా పనిచేసిరి. అచ్చటినుండి వారి దృష్టి చెన్నపట్టణముపై పడెను.

అప్పటి చెన్నపట్టణము తెలుగువారికి పెద్ద కూడలి. జార్జిటౌనులోని కొత్వాలుచావడి చుట్టుప్రక్కల తెలుగు వైశ్యులు వ్యాపారములు సాగించుచుండిరి. వారి కులదేవతయగు శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానము పూజలతోనే ఊరకుండక, విద్యకును వైద్యమునకును ధర్మము చేయుచుండెను. ఆ దేవస్థానమువారి ఆయుర్వేద వైద్యశాలకు గోపాలాచార్యులవారు ప్రధాన వైద్యులై వచ్చిరి. వైద్యశాలతోపాటు ఆయుర్వేద కళాశాలయు వారి యాజమాన్యమున నడిచెను. అంతవరకు గురువు ఇంట నీళ్లు మోసి, ఆకులు నూరి, గురువు మనసు వచ్చినప్పుడు నేర్చుకొను విద్య, అప్పటినుండి తరగతులు, పరీక్షలు, పట్టాలు గల విద్యగా మారసాగెను. వర్తకుల సొమ్ము ఒక శాస్త్రమునకు పలకయు బలపమును కొనిపెట్టిన దృష్టాంతమిది.

కళాశాల ఎందుకు కావలసెను? ఈ ప్రశ్నకు కోష్ఠశుద్ధి అను ఒక్క విషయమును తీసికొని చూచినను సమాధానము దొరకును. వెనుకటి తరములలో నెలకొక పర్యాయము పిల్లలను పట్టుకొని, ముక్కు మూసి ఆముదము త్రాగించుట ప్రతి ఇంటను కలదు. కడుపు కడిగిన రోగములు పోవునని నమ్మకము. శాస్త్రము ఇంత సులభముగా చెప్పలేదు. ఆయుర్వేదము విరేచనమును పంచకర్మలలో నొకటిగా చెప్పినది. మనుష్యుల కోష్ఠములు మూడు విధములని నిర్ణయించినది. మృదుకోష్ఠము గలవానికి పాలు, చెరకురసము, ద్రాక్షపండ్లు సైతము విరేచనము కలిగించును. మధ్యకోష్ఠము గలవానికి ఒక మోస్తరు మందు చాలును. వాతము హెచ్చుగానుండు క్రూరకోష్ఠము గలవానికి సామాన్యమైన మందు పనిచేయదు. ఒకే ఇంటిలో తండ్రికి సరిపోయిన మోతాదు కుమారుని మంచము పట్టించవచ్చును.

మందులకును ఇట్లే తరములు గలవు. చరకుడు మృదువిరేచనమునకు రేలను, సుఖవిరేచనమునకు తెగడను, తీక్ష్ణవిరేచనమునకు జెముడుపాలను శ్రేష్ఠముగా చెప్పినాడు. తెగడలో ఎఱ్ఱనిది మేలు, నల్లనిది ఉగ్రము. వేరు తెచ్చి చీల్చి, నడిమి ఈనెను తీసివేసి, పైభాగమునే ఎండబెట్టి వాడవలెను. అంగడిలో వేరునకు బదులు తీగముక్కలు కలుపుట కలదు కనుక, వేరును గుర్తించు కన్ను వైద్యునకు ఉండవలెను. నేపాళపు విత్తుల సంగతి ఇంతకన్న ప్రమాదకరము. ఆ విత్తులను ఒలిచి, లోపలి మొలకను తీసి, గుడ్డలో కట్టి పాలలో ఉడికించి శుద్ధిచేసిన పిదపగాని వాడరాదు. శుద్ధి తప్పినను, మోతాదు మించినను, ప్రాణమునకే ముప్పు వచ్చును.

కరక్కాయ అందరికిని తెలిసినదే. దానిని సంవత్సరము పొడుగునను సేవింపదలచినవానికి ఋతువునుబట్టి అనుపానము మారునని శాస్త్రము. వర్షఋతువున సైంధవలవణముతోను, శరత్తున చక్కెరతోను, హేమంతమున శొంఠితోను, శిశిరమున పిప్పలితోను, వసంతమున తేనెతోను, గ్రీష్మమున బెల్లముతోను తీసికొనవలెనని చెప్పిరి. సునాముఖి సంగతి వేరు. అది ప్రాచీన సంహితలలోని ద్రవ్యము కాదు, అరబ్బుల మార్గమున వచ్చినది. 19వ శతాబ్దమున తిరునల్వేలి ప్రాంతమున విస్తారముగా సాగుచేయబడి, తూత్తుకుడి రేవునుండి ఓడలకెక్కి, ఆ జిల్లా పేరుతోనే పాశ్చాత్యదేశముల ఔషధ గ్రంథములలో స్థానము సంపాదించుకొన్నది.

మందు ఇచ్చుటతోనే వైద్యుని పని తీరదు. విరేచనమునకు ముందు స్నేహనము, స్వేదనము చేయవలెను, అనగా నేయి మొదలగువానిచే దేహమును మెత్తబరచి చెమట పట్టించవలెను. తరువాత పలుచని జావ, పిదప చిక్కని జావ, ఆపైన పెసరకట్టు, చివరకు అన్నము అను క్రమమున జఠరాగ్నిని మరల నిలబెట్టవలెను. గర్భిణులకు, పసిపిల్లలకు, మిక్కిలి వృద్ధులకు, కృశించినవారికి, కొత్తగా జ్వరము తగిలినవారికి విరేచనము ఇయ్యరాదని నిషేధము కలదు. ఇన్ని నియమములు గల పనిని, పొట్లము విప్పి నోట వేసికొను పనిగా భావించుట ఎంత పొరపాటో దీనివలన తెలియును. ఈ నియమములన్నియు గ్రంథములలో నుండినను, చదివి, చేసి చూపి, చెప్పువారు లేనిచో జనులకు అందవు. గోపాలాచార్యులవారు చేపట్టిన పని యిదియే.

ఆచార్యులవారు బోధనతోపాటు ఔషధ నిర్మాణమును చేపట్టిరి. మద్రాసులో ఆయుర్వేదాశ్రమము స్థాపించి, కషాయములు, లేహ్యములు, తైలములు, భస్మములు శాస్త్రప్రకారము తయారుచేయించిరి. ఇంటింట వైద్యుడు నూరి యిచ్చు మందు, సీసాలకెక్కి, చీటీ అతికించుకొని, తపాలా మార్గమున దూరపు గ్రామములకు పోవుట ఆ కాలమున కొత్త. వారి జీవామృతము పేరు తెలుగు పత్రికల ప్రకటనలలో చాలకాలము కనబడినది. ఆయుర్వేద గ్రంథములను తెనుగున అచ్చొత్తించుటకును వారు శ్రమించిరి. సంస్కృతము రాని వైద్యునకు సైతము శాస్త్రము చేతికందవలెననుట దీని ప్రయోజనము.

ఆ దినములలోనే దేశమును ప్లేగు పీడించెను. 1896లో బొంబాయిలో కనబడిన ఆ వ్యాధి 1898లో బెంగుళూరును తాకెను. ఇండ్లు ఖాళీచేసి జనులు ఊరిబయట పాకలలో కాలము గడపిరి. ఆచార్యులవారు హైమాది పానకమును లోపలికి, శతధౌత ఘృతమును పైపూతకు వాడి ప్లేగు రోగులకు చికిత్స చేసి మిక్కిలి ఖ్యాతి గాంచిరి. శతధౌత ఘృతమనగా నూరు మారులు నీట కడిగిన నేయి. ఆ చికిత్సను నేటి శాస్త్రపు కొలతలతో నిర్ణయించుట సాధ్యము కాదు. ప్లేగు క్రిమిని 1894లో కనుగొనిరి, దానిని నిశ్చయముగా చంపు మందులు 20వ శతాబ్ది మధ్యకాలమునగాని రాలేదు. అట్టి సమయమున రోగి దగ్గరకు పోవుటకే బంధువులు భయపడుచుండగా, వైద్యుడు మందు పట్టుకొని ముందుకు వచ్చుట సామాన్య విషయము కాదు.

1913లో ప్రభుత్వమువారు ఆచార్యులవారికి వైద్యరత్న బిరుదమిచ్చి గౌరవించిరి. బిరుదము వచ్చినను పరీక్షాకాలము ముందే యున్నది. 1918లో మద్రాసు ప్రభుత్వము దేశీయ ఔషధములను పరిశీలించుటకు డాక్టరు కోమన్‌గారిని నియమించెను. ఆయన మూలికలను ఆసుపత్రిలో రోగులపై ప్రయోగించి చూచి నివేదికలు వ్రాసిరి. కొన్ని మందులు పనికివచ్చునని ఒప్పుకొనిరి గాని, ఆయుర్వేద సిద్ధాంతములు శాస్త్రీయములు కావని తేల్చిరి. దేశీయ వైద్యులు దీనికి మిక్కిలి నొచ్చుకొనిరి. మందును దాని పద్ధతినుండి విడదీసి చూచిన ఫలితము తెలియదని వారి వాదము. ఒకే తెగడవేరు ఒకనికి మేలు, మరొకనికి కీడు చేయుచుండగా, ఎవనికి ఇచ్చిరో చూడక వేరును మాత్రము పరీక్షించిన నేమి లాభమని వారు అడిగిరి. ఆ వాదములో బలము కలదు. అయినను పరీక్షకు నిలువవలసిన బాధ్యత దేశీయ వైద్యమునకు లేకపోలేదు. ఈ రెండు మాటలును నేటికిని నిజములే.

ఆ వివాదము తీరకమునుపే, 1920 సెప్టెంబరు 29వ తేదీన గోపాలాచార్యులవారు పరమపదించిరి. ఏబది ఏండ్లైనను నిండని వయస్సు. మరుసటి సంవత్సరము ద్రావిడ వైద్యమండలి, మద్రాసు ఆయుర్వేద సభ కలసి కోమన్‌గారి నివేదికకు ప్రత్యుత్తరమును ప్రకటించిరి. అదే 1921లో ప్రభుత్వము మహమ్మదు ఉస్మాన్‌గారి అధ్యక్షతన దేశీయ వైద్య విచారణ సంఘమును నియమించెను. డాక్టరు జి. శ్రీనివాసమూర్తిగారు దానికి కార్యదర్శి. ఆ సంఘము 1923లో నివేదిక సమర్పించెను. అప్పటి ముఖ్యమంత్రి, తెలుగువారైన పానగల్లు రాజాగారి ప్రోత్సాహమున దేశీయ వైద్య పాఠశాల ఏర్పడి, 1925నుండి కీల్పాకులో నడిచెను. ఆచార్యులవారు దేవస్థానపు ధర్మముతో నడిపిన విద్యకు చివరకు ప్రభుత్వపు గడప దొరికెను. 1960లో ఆ కీల్పాకుననే పాశ్చాత్య వైద్యమునకు మెడికల్ కాలేజీ వెలసినది.

ఆచార్యులవారు వదలిన కళాశాలను డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు చేపట్టి, 1920 మొదలు 1928 వరకు ప్రధానాచార్యులుగా నడిపిరి. వీరు మద్రాసు మెడికల్ కాలేజీలో పాశ్చాత్య వైద్యము చదివి పట్టా పొందినవారు. అట్టివారు గోపాలాచార్యులవారి ప్రేరణచే ఆయుర్వేదమువైపు తిరుగుట, ఆచార్యులవారి జీవితమున మేలైన ఫలములలో నొకటి. ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము చేసి, 1946లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రిణి యైన రుక్మిణీ లక్ష్మీపతిగారు వీరి ధర్మపత్ని.

ఇంతకును గోపాలాచార్యులవారి జీవితమువలన గ్రహింపవలసినదేమి? మూలిక ఇంటి పెరటిలో నున్నంతమాత్రమున నిరపాయము కాదు. సునాముఖి, రేల మొదలగువానిలోని సారము ప్రేగులను ప్రేరేపించునని నేటి రసాయనశాస్త్రము నిరూపించినది. అలవాటుగా దినదినము వాడిన, నీళ్లు, లవణములు శరీరమునుండి పోయి నీరసము కలుగునని డాక్టర్లు హెచ్చరించుచున్నారు. కడుపునొప్పి దేనివలన వచ్చినదో తెలియక విరేచనము పుచ్చుకొన్నచో, అపెండిక్సు వాచియున్నవానికి అది పగిలి ప్రాణాంతకము కావచ్చును. తగనివారికి విరేచనము ఇయ్యరాదన్న పూర్వుల నిషేధమునకు ఈ హెచ్చరికలు తోడైనవే గాని విరుద్ధములు కావు. మితాహారము, తగినన్ని నీళ్లు, కూరగాయలు, ప్రతిదినము నడక గలవానికి పొట్లములతో పనియే తక్కువ.

రాసప్పచెట్టి వీధిలో తక్కెడ యెప్పుడును ఆడుచునే యుండును. తక్కెడలో ఒకవైపు సరకుండిన, రెండవవైపు తెలివి యుండవలెను. ఆ రెండవ పళ్లెమును బరువెక్కించుటకై నలువదియెనిమిదేండ్ల జీవితమును వెచ్చించిన దీవి గోపాలాచార్యులవారిని చెన్నపట్టణపు తెలుగువారు స్మరించుట ధర్మము.