హిమయుగమును సభకెక్కించిన లూయీ అగాసీ

మంచు కురియుట యెరుగని మన బాలురకు, ఒకప్పుడు యూరపు ఖండమున చాల భాగము మంచు క్రింద నడగియుండెనని చెప్పిన నమ్మశక్యము కాదు. 1837లో పండితులును నమ్మలేదు. వారి యెదుట నా మాట పలికిన లూయీ అగాసీ చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1807 మే 28వ తేదీన స్విట్జర్లాండు దేశమున నొక ప్రొటెస్టెంటు పాదిరిగారి యింట జన్మించెను. వైద్యవిద్యలో పట్టమందినను ఆయన మనస్సు చేపలమీదనే యుండెను. 1832లో నూషటెల్ పట్టణమున నాచార్యుడై, చేపల శిలాజములను గూర్చిన గ్రంథములచే చిన్నతనముననే ప్రసిద్ధి గాంచెను.

ఆ దేశమున జూరా కొండల సున్నపురాతి నేలమీద పెద్ద పెద్ద గ్రానైటు బండలు పడియున్నవి. అట్టి రాయి ఆ కొండలలో లేదు. దూరమందలి ఆల్ప్స్ పర్వతములలో గలదు. మహాప్రవాహ మేదియో వానిని కొట్టుకొని వచ్చెనని పలువురు తలచిరి. కాదు, పూర్వము ఆల్ప్స్ నుండి మెల్లగా జారివచ్చిన హిమానీనదములే మోసికొని వచ్చినవని వెనెట్జ్ అను ఇంజనీరును, ఉప్పుగనుల యధికారి షార్పాంట్యేయు చెప్పుచుండిరి. ఈ వాదమును ఖండింపదలచియే అగాసీ 1836 వేసవిలో షార్పాంట్యే కడకు బోయెను. కాని మంచు రాచిన నున్నని బండలను, వానిపై గీతలను కన్నులార జూచి, తన తలంపే తప్పని యొప్పుకొనెను.

మరుసటి యేట జూలై 24న స్విట్జర్లాండు ప్రకృతిశాస్త్ర సమాజము నూషటెల్‌లోనే కూడెను. అధ్యక్షుడు అగాసీయే. చేపలను గూర్చి వినవచ్చునని యెల్లరు కూర్చుండియుండగా, ఆయన హిమయుగమును గూర్చి ప్రసంగించెను! సభ కలవరపడెను. ఫాన్ బూఖ్ అను జర్మను పండితుడు కోపము నాపుకొనలేకపోయెను. హితుడగు హంబోల్టు సహితము, మంచు మాని మరల చేపల పనికే మరలుమని జాబు వ్రాసెను.

అగాసీ మానలేదు. ఆర్ హిమానీనదముమీద నొక బండ క్రింద బసచేసి పరిశోధించెను. ఒకనాడు త్రాటితో మంచునూతిలోనికి దిగగా, నూరడుగులకు పైబడిన లోతున కాళ్లు చన్నీట మునిగెను. అయినను షార్పాంట్యే గ్రంథమింకను వెలువడకమునుపే, 1840లో తన గ్రంథమును ప్రకటించి, ఆ మిత్రుని మనస్సు నొప్పించెను. ఇది ఆయనకు శోభ గాదని మా యభిప్రాయము.

1846లో అమెరికాకు బోయి, హార్వర్డున ఆచార్యుడై, 1859లో జంతుశాస్త్ర ప్రదర్శనశాలను స్థాపించెను. బండలను జూచి మనస్సు మార్చుకొన్న యీయనయే డార్విను సిద్ధాంతమును తుదివరకు నంగీకరింపలేదు. నరజాతులు వేర్వేరుగా పుట్టినవనియు, వానిలో నెక్కువ తక్కువలు గలవనియు బోధించెను. అది పెద్ద తప్పు.

ఆయన చెప్పినట్లు మంచు ఒక్కమారే గాక పలుమార్లు పెరిగి తరిగెనని పిమ్మట తేలెను. అట్టి క్వాటర్నరీ యుగమును చర్చించుటకై 1928లో కోపెన్‌హేగన్ నగరమున నొక అంతర్జాతీయ సంఘ మేర్పడెను.

అగాసీ 1873 డిసెంబరు 14న మరణించెను. అమెరికాలోని ఆయన సమాధిపై ఆర్ హిమానీనదము నుండి తెచ్చిన బండ నిలిపిరి.