చేప నోరు చూసి లోతు చెప్పిన డాక్టరు

ఫ్రాన్సిస్ డే పేరు మన క్లాసులో అడిగితే ఎవరూ చెప్పలేరు. కానీ ఇండియాలో చేపల గురించి సీరియస్‌గా చదివేవాళ్ళు ఇప్పటికీ ఈయన పుస్తకం తెరవాల్సిందే. గాలం పిచ్చి వల్ల నాకు ఈయన పరిచయం.

డే 1829లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో పుట్టాడు. 1852లో మద్రాసు సర్వీసులో డాక్టరుగా చేరాడు. ఉద్యోగం రోగులతో, ప్రాణం మాత్రం చేపల మీద. 1865లో మలబార్ చేపల మీద పుస్తకం వేశాడు. కర్నూలు దగ్గర తుంగభద్రలో దొరికిన ఒక మహసీర్ జాతి చేపని కూడా ఈయనే సైన్సుకి పరిచయం చేశాడు. ఊటీలో ట్రౌట్ చేపల్ని పెంచాలని గుడ్లు తెప్పించాడు గానీ అవి బతకలేదు.

1867లో ఆర్థర్ కాటన్ ఒక సందేహం లేవదీశాడు. నదులకి అడ్డంగా ఆనకట్టలు కడితే గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే చేపల గతి ఏంటని. ఆనకట్టలు కట్టినాయనే అలా అడగడం నాకు భలే నచ్చింది. దాన్ని తేల్చే పని డే మీద పడింది. 1871లో దేశం మొత్తానికీ చేపల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. ఆనకట్టల్లో చేపలకి దారి ఉండాలనీ, సన్న కన్నుల వలలతో పిల్లల్ని ఊడ్చెయ్యకూడదనీ వాదించాడు. 1875-78 మధ్య వచ్చిన ఆయన పెద్ద పుస్తకంలో చేపల బొమ్మలు, కొలతలతో పాటు తెలుగుతో సహా స్థానిక పేర్లు కూడా ఉంటాయి.

ఆ కొలతల్లో నోరు ఎటు తిరిగి ఉందో కూడా ఉంటుంది. గాలం వేసేవాడికి అసలు కీలకం అదే. బొచ్చె నోరు పైకి ఉంటుంది, పైనీళ్ళలో తింటుంది. రోహు మధ్యలో, మ్రిగాల అడుగున. ఫ్లై ఫిషింగ్‌లో ఈకలతో కట్టిన కొక్కేనికి బరువుండదు, లైన్ బరువే దాన్ని మోసుకెళ్తుంది. పైన తినే చేపకి తేలే లైన్ చాలు. కిందికి పోవాలంటే పూతలో టంగ్‌స్టన్ పొడి కలిపిన మునిగే లైన్ కావాలి. టైప్ 3 అంటే సెకనుకి సుమారు 3 అంగుళాలు మునుగుతుంది, టైప్ 6 అయితే 6. పది అడుగుల లోతంటే 120 అంగుళాలు. మొదటిదానికి 40 సెకన్లు ఆగాలి, రెండోదానికి 20. ఎండాకాలం మధ్యాహ్నం పైనీళ్ళు కాగితే చేప కిందికి దిగుతుంది, అప్పుడు బరువు లైన్. పొద్దున్నే ఒడ్డుకి వస్తే తేలేదే మేలు. ముందు చేప, తర్వాత లోతు, ఆ తర్వాతే లైన్.

బ్రిటిష్ మ్యూజియంలోని గుంథర్‌తో డేకి పడలేదు. దాంతో ఆయన సేకరణలో పెద్ద భాగం ఆస్ట్రేలియాకి అమ్ముడుపోయింది. 1889లో చెల్టెన్‌హామ్‌లో చనిపోయాడు.

శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు పోతిరెడ్డిపాడు, గోరకల్లు మీదుగా అవుకు రిజర్వాయర్‌కి వస్తాయి. ఎన్ని టీఎంసీలని అందరం అడుగుతాం. అందులో చేపల మాటేంటని కాటన్‌లా అడిగేవాళ్ళు, డేలా వెతికేవాళ్ళు ఉంటేనే అక్కడ వల వేసేవాళ్ళకి రేపు కూడా ఏదైనా దొరుకుతుంది.