హెంకీ అనే సుల్తాన్

జావా ద్వీపంలో యోగ్యకర్త అని ఒక ఊరుంది. పేరు వింటే ఎక్కడో విన్నట్టు ఉంటుంది కదా? మన అయోధ్య పేరు నుంచే వచ్చిందంటారు. ఇండోనేషియా అధ్యక్షుణ్ణి ఓట్లేసి ఎన్నుకునే రిపబ్లిక్. కానీ యోగ్యకర్త ప్రాంతంలో మాత్రం గవర్నర్ పదవికి ఎన్నికలుండవు, అక్కడి సుల్తానే గవర్నర్. రాజులు పోయిన దేశంలో ఈ ఒక్క రాజు ఎలా మిగిలాడు అనడిగితే తొమ్మిదో హమెంగ్కుబువోనో గురించి చెప్పుకోవాల్సిందే. ఆ పేరులో చివరున్న బువోనో మన భువనమే. భువనాన్ని ఒడిలో పెట్టుకున్నవాడు అని అర్థం.

ఆయన 1912 ఏప్రిల్ 12న పుట్టాడు. అసలు పేరు దొరోజాతున్. నాలుగేళ్ళ వయసులో తండ్రి, అంటే ఎనిమిదో సుల్తాన్, పిల్లాణ్ణి కోటలోంచి తీసి ఒక డచ్ కుటుంబం ఇంట్లో పెట్టేశాడు. దాసదాసీలు లేరు, రాజభోగాలు లేవు. వాళ్ళు పెట్టిన ముద్దుపేరు హెంకీ. నాలుగేళ్ళ పిల్లాడికి ఎలా ఉండి ఉంటుందో హాస్టల్లో మొదటి వారం గుర్తు తెచ్చుకుంటే కొంచెం అర్థమవుతుంది. తర్వాత చదువు కోసం హాలండ్ వెళ్ళి లైడెన్ యూనివర్సిటీలో చేరాడు. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే తండ్రి వెనక్కి రమ్మన్నాడు. చదువు పూర్తవకుండానే ఓడెక్కాడు. బటావియాలో (ఇప్పటి జకార్తా) తండ్రి ఎదురొచ్చి వారసుడికిచ్చే కత్తిని చేతిలో పెట్టాడు. రైల్లో ఊరికి తిరిగొస్తుంటే తండ్రికి జబ్బు చేసింది, కొద్ది రోజుల్లోనే పోయాడు.

ఇక అసలు పరీక్ష మొదలైంది. సింహాసనం ఎక్కాలంటే డచ్ వాళ్ళతో ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సుల్తాన్ దివాన్ జీతం, విధేయత ఎవరివి అన్న దగ్గర్నుంచి కోట సైనికుల దాకా ప్రతి క్లాజుకీ గొడవే. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు వయసులో ఎంతో పెద్దవాడైన డచ్ గవర్నర్ ఆడమ్‌తో నెలల తరబడి వాదించాడు. చివరికి ఒకరోజు ఉన్నట్టుండి సరే అనేశాడు. ఒక సాయంత్రం ఏదో గొంతు వినిపించి, సంతకం పెట్టెయ్, వీళ్ళు ఎలాగూ వెళ్ళిపోతారు అందని కథ. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. 1940 మార్చి 18న పట్టాభిషేకం అయింది. దాదాపు రెండేళ్ళకి, 1942 మార్చిలో, జపాన్ వాళ్ళ ముందు డచ్ వాళ్ళు లొంగిపోయారు.

జపాన్ కాలం ఇంకా ఘోరం. జావా మనుషుల్ని వెట్టిచాకిరీకి ఎక్కడెక్కడికో పట్టుకుపోయేవాళ్ళు, చాలామంది తిరిగి రాలేదు. సుల్తాన్ ఏం చేశాడంటే, మా దగ్గర నీళ్ళు లేక పంటలు తక్కువ, కాలువ తవ్వితే మీకు ఎక్కువ ధాన్యం ఇవ్వగలం అని వాళ్ళని ఒప్పించాడు. ప్రోగో నదినీ ఓపాక్ నదినీ కలుపుతూ సుమారు 30 కిలోమీటర్ల కాలువ. జనం సొంత ఊళ్ళోనే పనిలో ఉండిపోయారు. సెలోకన్ మతరామ్ అనే ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది. సివిల్ వాళ్ళు గమనించాలి, మనుషుల్ని దాచడానికి పనికొచ్చిన ఇరిగేషన్ ప్రాజెక్ట్ ఇది!

1945 ఆగస్టు 17న సుకర్నో స్వాతంత్ర్యం ప్రకటించాడు. డచ్ వాళ్ళు తిరిగొస్తారన్నది అందరికీ తెలుసు. చాలామంది రాజులు గోడ మీద పిల్లుల్లా కూర్చున్నారు. ఈయన సెప్టెంబర్ 5న తన రాజ్యం రిపబ్లిక్‌లో భాగమని ప్రకటించేశాడు. రిపబ్లిక్ ఓడిపోతే తన సింహాసనం, బహుశా తల కూడా పోయేవి. పక్కనే సురకర్త ఉంది, 1755లో మతరామ్ రాజ్యం రెండుగా చీలినప్పుడు పుట్టిన రెండో ముక్క. అక్కడ జనం తిరగబడ్డారు, 1946లోనే దాని ప్రత్యేక హోదా పోయింది. ఒకే వంశం, ఒకే చరిత్ర, కానీ దారులు వేరయ్యాయి.

జకార్తాలో ఉండలేని పరిస్థితి వచ్చినప్పుడు 1946 జనవరిలో సుకర్నో ప్రభుత్వం రాత్రికి రాత్రి రైల్లో యోగ్యకర్తకి వచ్చేసింది. సుల్తాన్ చోటిచ్చాడు, ఖజానా తెరిచాడు. తర్వాత గజమద యూనివర్సిటీకి సొంత బిల్డింగులు లేనప్పుడు క్లాసులు కోటలోనే జరిగాయి. రాజు దర్బారు మండపంలో లెక్చర్లంటే అటెండెన్స్ ఎంతుండేదో మరి.

ఆ రోజుల్దే ఒక కథ అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆయన జీపు నడుపుకుంటూ వెళ్తుంటే బియ్యం అమ్ముకునే ఆవిడ చెయ్యెత్తి ఆపి, బస్తాలు ఎక్కించమంది. ఎక్కించాడు. బజార్లో దింపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. తక్కువిచ్చాననుకుంటున్నాడేమో అని ఆవిడ తెగ తిట్టింది. ఆయన నవ్వి వెళ్ళిపోయాక, ఎవరో చెప్తే అక్కడికక్కడే స్పృహ తప్పి పడిపోయిందట.

1948 డిసెంబర్ 19న డచ్ వాళ్ళు ఊరిని పట్టుకుని సుకర్నోనీ హట్టానీ ఎత్తుకుపోయారు. సుల్తాన్ కోట జోలికి మాత్రం పోలేదు. ఆయన లోపలే ఉండి వాళ్ళని కలవడానికి ఒప్పుకోలేదు. 1949 మార్చి 1న గెరిల్లాలు పట్టపగలు ఊరిని ఆరు గంటలపాటు స్వాధీనం చేసుకుని, రిపబ్లిక్ చావలేదని ప్రపంచానికి చూపించారు. దాడి నడిపింది లెఫ్టినెంట్ కల్నల్ సుహార్తో. ఆలోచన ఎవరిది? తర్వాత 32 ఏళ్ళు దేశాన్నేలిన సుహార్తో తనదే అన్నాడు. 2022లో ప్రభుత్వం ఆ రోజుని జాతీయ దినంగా ప్రకటిస్తూ ఆలోచన సుల్తాన్‌ది అని రాసింది. సుహార్తో పేరే లేదు. దాని మీద మళ్ళీ గొడవ. నా మటుకు నాకు ఇద్దరికీ కొంత వాటా ఉండే ఉంటుందనిపిస్తుంది.

1949 డిసెంబర్ 27న జకార్తాలో డచ్ ప్రతినిధి నుంచి అధికారం అందుకున్నది కూడా ఈ హెంకీయే. 1950లో యోగ్యకర్తకి చట్టంతో ప్రత్యేక హోదా వచ్చింది. తర్వాత మంత్రి పదవులు, స్కౌట్ ఉద్యమం, 1973 నుంచి ఉపాధ్యక్ష పదవి. 1978లో మళ్ళీ ఆ పదవి వద్దనేశాడు. ఆరోగ్యం బాగోలేదన్నాడు, సుహార్తో పాలన నచ్చకే తప్పుకున్నాడని జనం అనుకున్నారు.

1988 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. శరీరాన్ని ఊరికి తీసుకొచ్చినప్పుడు ఇమోగిరి కొండ మీది రాజుల సమాధుల దాకా దారి పొడవునా జనం నిలబడ్డారు. కొడుకు పదో హమెంగ్కుబువోనో మరుసటి ఏడాది గద్దెనెక్కాడు. సుల్తానే గవర్నర్ అని 2012లో చట్టం చేశారు. ఆయనకి ఐదుగురూ కూతుళ్ళే. తర్వాత ఆడపిల్ల సుల్తాన్ కావచ్చా అని కోటలో బంధువుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది.