బంతియాట నేర్పిన బడిపంతులు

మన ఎ.కొండూరులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి పేరు విన్నవారు బహుస్వల్పము. 2024లో వారి కథతో హిందీ చలనచిత్రము వెలువడిన పిదప మన కుర్రకారు కొందరు వినిరి. మన తెలుగు రాజధానిలో పుట్టి పెరిగిన మహనీయుని గూర్చి సినిమావారు చెప్పువరకు మనకు తెలియకుండుట, గ్రంథాలయము పెట్టుకొన్న మనకు కొంచెము చిన్నతనమే.

రహీమ్ గారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు అచ్చటి జట్టులో ఫుట్‌బాలు ఆడిరి. పిదప బడిపంతులైరి. ఆటగానిగా వారికి వచ్చిన పేరు కొద్ది. గురువుగా వచ్చినది కొండంత. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరము మొదలు 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. ఫుట్‌బాలనగా కలకత్తావారి సొత్తని లోకము తలచు దినములవి.

పంతులుగారి బుద్ధి వారి శిక్షణలో అడుగడుగునను కనబడును. కుర్రవాండ్రకు వింత పోటీలు పెట్టెడివారు. ఒక పోటీలో వాటము లేని కాలితోనే బంతిని తన్నవలెను. వేరొక దానిలో బంతిని తన కాళ్ల నడుమ ఆడించుకొనుచు పోరాదు. అందినవెంటనే తోడివానికి అందింపవలెను. మొదటి దానివలన చేతకాని కాలు చేతనైనదగును. రెండవ దానివలన తన గొప్ప చూపుకొను చాపల్యము అణగును. నా దృష్టిలో ఇవి ఆటకంటె పెద్ద పాఠములు. సికిందరాబాదు పేదబాలుడు తులసీదాస్ బలరాం శిక్షణకు వచ్చుటకై సైకిలు బాడుగ కూడ వారే ఇచ్చిరని చెప్పుదురు. ఆ బాలుడే తరువాత నాలుగు అంతర్జాతీయ మహాక్రీడలలో దేశము తరఫున ఆడెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో వారి శిష్యులు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణము తెచ్చిరి. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో గర్వభంగమైనది. చలిలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిరి. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలు చేరిరి. ఆసియా దేశమేదియు అంతకుముందు ఒలింపిక్సు ఫుట్‌బాలులో అంతదూరము పోలేదు.

ఇక 1962 జకార్తా. అప్పటికే క్యాన్సరు వ్యాధి రహీమ్ గారిని పట్టియుండెను. ఇజ్రాయెలు, తైవానులను ఆహ్వానింపనందులకు భారత ప్రతినిధి యొకరు అభ్యంతరము చెప్పుటచే అచటి జనము మనపై మండిపడుచుండిరి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. వెనుకపంక్తిని కాచు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లుపడెను. తలతో బంతిని ఎదుర్కొను పని అతడు వెనుక చేయజాలడు. వేరొకరైన అతనిని కూర్చుండబెట్టెడివారు. రహీమ్ గారు అతనిని ముందువరుసకు పంపిరి! సెప్టెంబరు 4వ తేదీన అంతిమపోటీ, మరల కొరియాతోనే. జనము హేళన చేయుచుండగా పి.కె.బెనర్జీ ఒక గోలు, ఆ కట్టుకట్టిన తలగల జర్నైల్ ఒక గోలు చేసిరి. కొరియా చివర ఒకటి చేసినను 2-1తో స్వర్ణము మనదైనది.

భారత పురుషుల జట్టునకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణము ఆ తరువాత నింతవరకు దక్కలేదు. రహీమ్ గారు జకార్తానుండి వచ్చి తొమ్మిది నెలలే బ్రదికిరి. 1963 జూన్ 11న, 53వ యేట, పరమపదించిరి.