అలీ నవాజ్ జంగ్ బహదూర్

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ (జూలై 11, 1877 - డిసెంబర్ 6, 1949) హైదరాబాదు రాజ్యానికి చెందిన ప్రముఖ ఇంజనీరు, నీటిపారుదల నిపుణుడు. ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ప్రభుత్వ ఉపకార వేతనంపై ఇంగ్లాండు వెళ్ళి ఇంజనీరింగు చదివి, తిరిగివచ్చి అదే ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. నిజాంసాగర్‌తో పాటు తెలంగాణలోని పలు జలాశయాల నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఆయన 1877, జూలై 11న హైదరాబాదులో జన్మించాడు. అబిడ్స్‌లోని సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులోను, మదరసా-ఎ-ఆలియాలోను చదివాడు. తరువాత నిజాం కళాశాలలో చేరాడు.

విదేశీ విద్య

ఆ కాలంలో హైదరాబాదు రాజ్యంలో పట్టా స్థాయి ఇంజనీరింగు కళాశాల లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కళాశాల 1929లో గానీ ఏర్పడలేదు. అందువలన ఈ వృత్తిలో ఉన్నత శిక్షణ కావలసినవారు రాజ్యం వెలుపలికి వెళ్ళవలసి వచ్చేది. ప్రయాణపు ఖర్చు, కళాశాల రుసుము, అక్కడి జీవనవ్యయం సామాన్య కుటుంబాలు భరించగలిగేవి కావు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో ప్రతిభావంతులైన కొందరికి ఈ ఖర్చును ప్రభుత్వం భరించింది. తరువాతి కాలంలో సరోజినీ నాయుడుగా ప్రసిద్ధి పొందిన సరోజినీ చటోపాధ్యాయ 1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతోనే ఇంగ్లాండు వెళ్ళింది. ఆ మరుసటి సంవత్సరం, 1896లో, మీర్ అహ్మద్ అలీకి ప్రభుత్వ ఉపకార వేతనం లభించింది.

ఆయన చేరిన కూపర్స్ హిల్ కళాశాల లండన్ సమీపంలోని సర్రే ప్రాంతంలో ఉండేది. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేయడానికి బ్రిటిష్ ప్రభుత్వం దీనిని 1872లో ప్రారంభించింది. ఇక్కడ చదివినవారిలో అత్యధికులు ఆంగ్లేయులు. భారతీయ విద్యార్థుల సంఖ్య చాలా స్వల్పం. ఈ కళాశాల 1906లో మూతపడింది.

ఉద్యోగ జీవితం

1899లో స్వదేశానికి తిరిగివచ్చి హైదరాబాదు ప్రజాపనుల శాఖలో చేరాడు. ఈ శాఖలోని పై పదవులలో ఐరోపా ఇంజనీర్లు ఉండడం అప్పట్లో సాధారణం. ఆయన అంచెలంచెలుగా ఎదిగి 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యాడు. అలీ నవాజ్ జంగ్ అన్నది నిజాం ప్రభువు ఆయనకు ప్రసాదించిన బిరుదు.

1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరదలో హైదరాబాదులో వేలాది మంది మరణించారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనలకు అనుగుణంగా నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తికాగా, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలంలో 1927లో పూర్తయింది. మెదక్ ప్రాంతంలోని పోచారం, ఖమ్మం ప్రాంతంలోని పాలేరు, వైరా జలాశయాలు కూడా ఈ కాలానివే.

నిజాంసాగర్

ఆయన చేపట్టిన పనులలో పెద్దది నిజాంసాగర్. మంజీరా నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య 1923లో మొదలైన నిర్మాణం 1931లో పూర్తయింది. దీని ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ప్రాజెక్టు వలన పలు గ్రామాలు ముంపునకు గురయ్యాయి. మరొకవైపు వరి, చెరకు సాగు విస్తరించింది. కోస్తా జిల్లాల రైతులు వలస వచ్చి బోధన్, వర్ని ప్రాంతాలలో స్థిరపడ్డారు. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది.

మంజీరా తెచ్చే ఒండ్రు వలన జలాశయం క్రమంగా పూడిపోయింది. మొదట సుమారు 30 టి.ఎం.సి.లు ఉన్న నిల్వ సామర్థ్యం తరువాత 18 టి.ఎం.సి.ల లోపునకు తగ్గింది. 1965 నుండి మంజీరా జలాలను హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల త్రాగునీటికి తరలించసాగారు. ఎగువన సింగూరు జలాశయం నిర్మించిన పిదప నిజాంసాగర్‌కు చేరే నీరు మరింత తగ్గింది. ఒకే నదిని సాగుకు, నగరాల దాహానికి పంచుకోవలసి రావడం ఈ ప్రాజెక్టు ఎదుర్కొన్న ప్రధాన సమస్య.

ఇతర సేవలు

తుంగభద్ర జలాల పంపకంపై మద్రాసు ప్రభుత్వంతో జరిగిన చర్చలలో ఆయన హైదరాబాదు రాజ్యం వాటా కోసం కృషి చేశాడు. తుంగభద్ర ప్రాజెక్టు పనులు 1945లో ఆరంభమయ్యాయి. 1938లో భారత జాతీయ కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదుల క్రమబద్ధీకరణ, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించాడు. ఈ సంఘానికి జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షుడు.

మరణం, గుర్తింపు

అలీ నవాజ్ జంగ్ 1949, డిసెంబర్ 6న మరణించాడు. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడిన తరువాత ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించారు. ఒక విద్యార్థి మూడేళ్ళ విదేశీ చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు, ఆయన తిరిగివచ్చి చేపట్టిన నిర్మాణాల రూపంలో రాజ్యానికి అనేక రెట్లు సమకూరింది.