టామ్ మామను చదివినవారు

మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన మనకు జోతిరావ్ ఫూలేగారి పేరు కొత్త కాదు. 1873లో తాము ప్రకటించిన ‘గులామ్‌గిరీ’ అనే మరాఠీ గ్రంథాన్ని, బానిసలను విడిపించినందుకుగాను వారు అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అదే సంవత్సరం వారు స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో స్థిరపడిన తెలుగు కాంట్రాక్టర్లు కొందరు అండగా నిలిచారు. ఆ అంకితం తలచుకొన్నప్పుడల్లా, అమెరికా ప్రజల మనస్సును అంతగా కలచివేసిన ఒక నవలా, దానిని వ్రాసిన ఒక గృహిణీ నాకు జ్ఞాపకం వస్తారు. ఉగాది సంచికలో ఎక్కడో అమెరికా ఇల్లాలి కథ ఏమిటని పాఠకులు అనుకోవద్దని మనవి.

హారియెట్ బీచర్ 1811 జూన్ 14న కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో జన్మించింది. తండ్రి లైమన్ బీచర్ పేరు మోసిన క్రైస్తవ బోధకుడు. అయిదవ ఏటనే తల్లి పోయింది. అక్క కాథరిన్ నడిపిన బాలికల పాఠశాలలో చదువుకొని అక్కడే పాఠాలు చెప్పింది. 1832లో కుటుంబమంతా సిన్సినాటికి తరలివెళ్ళింది. ఆ ఊరు ఒహాయో నది ఒడ్డున ఉన్నది. ఇవతలి గట్టున బానిసత్వం లేదు, అవతలి గట్టు కెంటకీలో మనుషులను సంతలో అమ్ముతారు. మధ్య ఉన్నది ఒక్క ఏరే. ఆ ఏరు దాటి పారిపోయి వచ్చినవారి కథలు హారియెట్ తన చెవులతో విన్నది.

1836లో కాల్విన్ స్టో అనే ఆచార్యుణ్ణి వివాహమాడింది. ఆయన గొప్ప పండితుడే గాని జీతం మాత్రం అంతంతమాత్రం. ఏడుగురు పిల్లలు. ఇంటి ఖర్చులకోసం పత్రికలకు కథలు వ్రాసేది. 1849లో కలరా వచ్చి ఏడాదిన్నర బిడ్డ చార్లీ చేతులలోనే పోయాడు. బిడ్డను అమ్మి వేరుచేసినప్పుడు బానిసతల్లికి కలిగే కడుపుకోత ఏమిటో తనకు ఆ రోజున తెలిసిందని తరువాత ఆమె చెప్పుకొన్నది.

1850లో వారు మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్‌కు వెళ్ళారు. ఆ సంవత్సరమే పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. దాని ప్రకారం బానిసత్వం లేని రాష్ట్రాలలోని పౌరులు సైతం పారిపోయివచ్చినవారిని పట్టి ఇవ్వడానికి తోడ్పడవలె. విచారించే అధికారికి, పట్టుబడినవాణ్ణి యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు ముట్టేవి. న్యాయస్థానపు త్రాసు ఎటు మొగ్గవలెనో చట్టమే ధర కట్టి చెప్పినట్లయింది. ఈ అన్యాయాన్ని గురించి కలం పట్టమని వదినగారు జాబు వ్రాసింది. హారియెట్ పట్టింది.

వాషింగ్టన్‌లో గమేలియల్ బెయిలీ నడిపే ‘నేషనల్ ఎరా’ అనే వారపత్రికలో 1851 జూన్ 5న ‘అంకుల్ టామ్స్ కాబిన్’ ఆరంభమైంది. టామ్ మామ గుడిసె అని మనం చెప్పుకోవచ్చు. మొదట కుదిరిన ప్రతిఫలం 300 డాలర్లు. కొద్ది వారాలలో ముగిద్దామనుకున్నది కాస్తా మరుసటి ఏప్రిల్ దాకా సాగింది. ఏదైనా వారం భాగం అందకపోతే సంపాదకుడు పాఠకులకు సంజాయిషీ చెప్పుకోవలసివచ్చేది. కథను తొందరపడి ముగించవద్దని పాఠకులు జాబులు వ్రాశారు.

కథ తెలియనివారికోసం రెండు మాటలు. కెంటకీలో ఒక యజమాని అప్పుల పాలై టామ్ అనే నమ్మకస్థుణ్ణి, ఎలైజా కొడుకును వర్తకుడికి అమ్మివేస్తాడు. ఎలైజా బిడ్డను చంకనెత్తుకొని ఒహాయో నదిలో తేలే మంచుగడ్డలమీదుగా దాటిపోతుంది. ఆమె భర్త జార్జి హారిస్ పారిపోయి ఎదురుతిరుగుతాడు. టామ్ మాత్రం చేతులు మారి మారి చివరకు లెగ్రీ అనే కిరాతకుని ప్రత్తితోటకు చేరి, దాగిన ఇద్దరు స్త్రీల జాడ చెప్పనందుకు దెబ్బలు తిని చనిపోతాడు.

1852 మార్చి 20న బోస్టన్‌లో జూవెట్ అనే ప్రకాశకుడు దీనిని రెండు సంపుటాలుగా అచ్చువేశాడు. మొదటి ఏడాది అమెరికాలో 3 లక్షల ప్రతులు చెల్లినవి. ఇంగ్లండులో 10 లక్షలు దాటినవి, ఐతే అవి చాలావరకు అనుమతి లేని ముద్రణలు. రచయిత్రికి హక్కుగా రావలసినదేమీ లేదు. నాటకాలవారి సంగతీ అంతే. ఫిలడెల్ఫియాలో ఒకాయన అడగకుండా జర్మన్ అనువాదం వేయగా స్టో దంపతులు 1853లో దావా వేసి ఓడిపోయారు. అనువాదం మూలానికి నకలు కాదని తీర్పు. మన అనువాదకులకు ఈ తీర్పు నచ్చుతుందేమో గాని రచయితలకు నచ్చదు.

పుస్తకం చదివి కన్నీరు కార్చినవారి జాబితా చెప్పబూనితే ఈ సంచిక చాలదు. అసలు సంగతి కన్నీటితో ఆగనివారిది.

దక్షిణ రాష్ట్రాలవారు మండిపడ్డారు. బానిసల బ్రతుకు హాయిగా ఉన్నదని చూపడానికి ప్రతినవలలు పుంఖానుపుంఖంగా వెలువడినవి. మేరీ ఈస్ట్‌మన్ అనే ఆమె అదే సంవత్సరం ‘ఆంట్ ఫిలిస్ కాబిన్’ వ్రాసింది. ఒకనాడు తపాలాలో వచ్చిన పొట్లం విప్పితే కోసిన మనిషి చెవి బయటపడిందని ఆమె జీవితచరిత్రకారులు చెబుతారు. ఇదంతా కట్టుకథ అన్నవారికి జవాబుగా స్టో 1853లో కోర్టు రికార్డులు, పత్రికా ప్రకటనలు, బానిసల సాక్ష్యాలు కూర్చి ‘ఎ కీ టు అంకుల్ టామ్స్ కాబిన్’ అనే మరొక గ్రంథం ప్రకటించింది.

ఆ సంవత్సరమే ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆమెకు రాచమర్యాదలు జరిగినవి. బానిసత్వాన్ని తొలగించమని అమెరికా స్త్రీలను కోరుతూ 5 లక్షలకు పైగా బ్రిటిషు స్త్రీలు సంతకాలు చేసిన విజ్ఞప్తిని 26 సంపుటాలుగా బైండు చేసి ఆమెకు సమర్పించారు. అమెరికా మాజీ అధ్యక్షుని భార్య జూలియా టైలర్, ముందు మీ దేశంలోని దరిద్రుల సంగతి చూసుకోండని ఇంగ్లీషు దొరసానులకు సమాధానమిచ్చింది. ఆ మాటలో ఎత్తిపొడుపే గాని జవాబు లేదు.

ఇక నల్లవారు. ఈ కథ ఎవరిదో వారు ఏమనుకొన్నారన్నదే నా దృష్టిలో ముఖ్యం. బానిసత్వంనుంచి తప్పించుకొనివచ్చి పత్రికాధిపతి ఐన ఫ్రెడరిక్ డగ్లస్ ఈ నవలను మనసారా మెచ్చుకొన్నాడు. 1853లో ఆమె పిలుపుపై ఇంటికి వెళ్ళి, నల్లవారి పిల్లలకు చేతిపనులు నేర్పే కళాశాల కావలెనని చెప్పి వచ్చాడు. మార్టిన్ డిలానీకి మాత్రం ఒళ్ళు మండింది. ఈయన వైద్యం చదవడానికి హార్వర్డులో చేరితే తెల్లవిద్యార్థుల అభ్యంతరంవల్ల బయటికి పంపబడిన మనిషి. మా సంగతి ఆమెకేమి తెలుసు, మా గతి ఏమిటో మమ్మల్ని అడగకుండా తేల్చడానికి వారెవరు అని డగ్లస్ పత్రికలోనే వాదించాడు. నవల చివర స్టో, జార్జి హారిస్ కుటుంబాన్ని ఆఫ్రికాలోని లైబీరియాకు పంపింది. ధైర్యమున్న నల్లవాడికి అమెరికాలో చోటు లేదని చెప్పినట్లే గదా అని చాలామంది నల్లపాఠకులకు కష్టం తోచింది. తెల్లవారైన ఉద్యమనాయకుడు గారిసన్ సైతం పుస్తకాన్ని పొగుడుతూనే, ఓర్పు వహించడం నల్లవాడికొక ధర్మమూ ఎదిరించడం తెల్లవాడికొక ధర్మమూనా అని అడిగాడు.

స్టో ఈ మాటలు పెడచెవిని పెట్టలేదు. మళ్ళీ వ్రాయవలసివస్తే జార్జిని లైబీరియాకు పంపనని 1853లో ఒక సభకు కబురు చేసింది. 1856లో ‘డ్రెడ్’ అనే రెండవ నవల వెలువరించింది. అందులోని డ్రెడ్ చెంప చూపే టామ్ కాదు, చిత్తడి అడవిలో దాగి తిరుగుబాటుకు పథకం వేసే వీరుడు. తిరుగుబాటు తలపెట్టినందుకు 1822లో చార్ల్‌స్టన్‌లో ఉరితీయబడిన డెన్మార్క్ వీసీ అతని తండ్రి అని ఆమె కల్పించింది. కాని తీరా అంతవరకు తెచ్చి, తిరుగుబాటు జరగకుండానే డ్రెడ్‌ను చంపివేసింది. అక్కడ ఆమె ధైర్యం చాలలేదని నా అభిప్రాయం.

ఆ మిగిలిన దూరం డిలానీ నడిచాడు. 1859లో ‘బ్లేక్’ అనే నవలను పత్రికలో ఆరంభించాడు. భార్యను యజమాని అమ్మివేయగా హెన్రీ బ్లేక్ దక్షిణమంతా రహస్యంగా తిరిగి బానిసలను కూడగడతాడు, క్యూబాదాకా వెళతాడు. తాను తప్పుపట్టిన స్టో పద్యపంక్తులనే డిలానీ దీనికి మొదట ఉంచడం విశేషం. 1862 దాకా సాగిన ఈ నవల పుస్తకరూపంలో రావడానికి 1970 పట్టింది. చివరి అధ్యాయాలున్న సంచికలు దొరకలేదు. తిరుగుబాటు జరిగిందో లేదో పాఠకుడికి తెలియదు.

ఆమెకు మచ్చ తెచ్చిన విషయం ఒకటి దాచరాదు. హారియెట్ జేకబ్స్ అనే పూర్వపు బానిస, తన జీవితకథ వ్రాయడానికి సాయపడమని 1853లో స్నేహితురాలిచేత అడిగించింది. స్టో సాయపడకపోగా, ఆ గుట్టు నిజమా అని జేకబ్స్ పనిచేసే ఇంటి యజమానురాలికి వ్రాసి, నిజమైతే తన ‘కీ’లో వాడుకొంటానన్నది. దాచుకొన్న బాధ ఇలా వీధిన పడినందుకు జేకబ్స్ కుమిలిపోయింది. కుమిలి ఊరుకోలేదు, తన పుస్తకం తానే వ్రాసి 1861లో ప్రకటించింది.

మరొక పాఠకుని కథ దీనికంటె చేదు. మేరీలాండ్ రాష్ట్రంలో శామ్యూల్ గ్రీన్ అనే నల్లవాడు బానిసత్వంనుంచి విముక్తుడై చర్చిలో బోధకుడుగా ఉండేవాడు. కొడుకు కెనడా పారిపోయాడు. పారిపోయేవారికి గ్రీన్ సాయపడుతున్నాడని అనుమానించి 1857లో ఇల్లు సోదా చేశారు. దొరికినవాటిలో ఈ నవల ఒకటి. సాయపడినట్లు రుజువు కాలేదు గాని, పుస్తకం ఉంచుకొన్నందుకు 10 ఏండ్ల శిక్ష వేశారు. ఇంగ్లండులో రాణివాసపు బల్లలమీద ఉన్న పుస్తకమే ఇది. అయిదేండ్లు గడిచాక, 1862లో, రాష్ట్రం విడిచిపోవలెనన్న షరతుమీద అతణ్ణి విడిచిపెట్టారు.

అప్పటికి అంతర్యుద్ధం ఆరంభమై ఏడాది దాటింది. ఆ ఏడాది చివర స్టో అధ్యక్షుడు లింకన్‌ను చూడబోయింది. ఈ యుద్ధానికి ఆమె పుస్తకమే కారణమని ఆయన చమత్కరించినట్లు లోకమంతా చెప్పుకొంటుంది గాని, ఆనాటి వ్రాతలలో ఆ మాట కానరాదు. ఆమె వెళ్ళినది విముక్తి ప్రకటన నిజంగా వెలువడుతుందో లేదో తెలుసుకోవడానికి. 1863 జనవరి 1న వెలువడింది. అదే నెల, ఇంగ్లీషు స్త్రీల విజ్ఞప్తికి ఆమె పత్రికాముఖంగా జవాబిచ్చింది: మేము బానిసలను విడిపిస్తుంటే మీ దేశపు పెద్దలు బానిసయజమానుల పక్షం వహిస్తున్నారేమని.

యుద్ధం ఆమె ఇంటినీ విడువలేదు. కొడుకు ఫ్రెడరిక్ గెటిస్‌బర్గ్‌లో గాయపడి, తాగుడుకు లోనై, తరువాత కాలిఫోర్నియా వెళ్ళి తిరిగిరాలేదు. ఇంకొక కొడుకు హెన్రీ అంతకుముందే 1857లో నదిలో మునిగి పోయాడు. చివరి సంవత్సరాలలో హార్ట్‌ఫర్డ్‌లో మార్క్ ట్వేన్ ఇంటి పొరుగున ఉండేది. మతి తప్పి, ఇరుగుపొరుగుల తోటలలోకి నడిచివెళ్ళి పూలు కోసుకొనేదని చెబుతారు. 1896 జూలై 1న కన్నుమూసింది.

టామ్ పేరుకు తరువాత పట్టిన గతి చిత్రమైనది. నాటకాలవాళ్ళు ఊరూరా ఆడి ఆడి, పిల్లలున్న నడివయస్కుడైన దృఢకాయుణ్ణి వంగిన నడుము ముసలి విదూషకుణ్ణి చేశారు. ఇరవయ్యవ శతాబ్దిలో తెల్లవాడి ముందు తలవంచేవాణ్ణి టామ్ మామ అని నల్లవారు తిట్టడం పరిపాటి అయింది. రిచర్డ్ రైట్ 1938లో తన కథల సంపుటికి ‘అంకుల్ టామ్స్ చిల్డ్రన్’ అని పేరు పెట్టి, ఆ పిల్లలు తండ్రిలా తలవంచరని చూపాడు. 1949లో జేమ్స్ బాల్డ్విన్ ఈ నవల కన్నీళ్ళన్నీ కపటమేనని తూర్పారబట్టాడు. యజమాని కొట్టమన్నా తోటిమనిషిని కొట్టని టామ్, జాడ చెప్పక చచ్చిన టామ్, వీరి తిట్టులో లేడు.

ఆమెను ఆండోవర్‌లో భర్త సమాధి పక్కన ఉంచారు. వచ్చిన పూలలో బోస్టన్ నల్లవారు పంపిన దండ ఒకటి ఉన్నది. దానికి కట్టిన చీటీలో పంపినవారి పేర్లు లేవు, టామ్ మామ బిడ్డలమని మాత్రం వ్రాసుకొన్నారు.