హెన్రీ చాడ్విక్

హెన్రీ చాడ్విక్ (అక్టోబర్ 5, 1824 – ఏప్రిల్ 20, 1908) ఇంగ్లాండులో జన్మించిన అమెరికా క్రీడా పాత్రికేయుడు, బేస్‌బాల్ గణాంకాలకు ఆద్యుడు. వృత్తి ఆటగాడు కాకపోయినా బేస్‌బాల్ పితామహుడని పేరుపొందాడు.

బాల్యము

చాడ్విక్ ఎక్సెటర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ పాత్రికేయుడు. ఇంగ్లాండులో ప్రజారోగ్య సంస్కరణలకు కారకుడైన ఎడ్విన్ చాడ్విక్ ఈయనకు సవతి అన్న. 1837లో కుటుంబముతో సహా అమెరికా చేరి బ్రూక్లిన్‌లో స్థిరపడ్డాడు.

పాత్రికేయ జీవితము

మొదట క్రికెట్ వార్తలు వ్రాసేవాడు. 1856లో హోబోకెన్‌లోని ఎలీసియన్ ఫీల్డ్స్‌లో ఒక బేస్‌బాల్ పోటీని చూసి ఆ ఆటవైపు మళ్ళాడు. న్యూయార్క్ క్లిప్పర్, బ్రూక్లిన్ ఈగిల్ పత్రికలలో పనిచేశాడు. 1881 నుండి మరణించేవరకు స్పాల్డింగ్ వార్షిక గ్రంథానికి సంపాదకుడు. ఆట వివరాలను చిన్న పట్టికలో చూపే పద్ధతి 1845 నాటికే ఉన్నా, దానికి స్థిరమైన రూపమిచ్చినవాడు చాడ్విక్. ఆ రోజులలో బంతి ఒకసారి నేలను తాకి లేచాక పట్టుకొన్నా కొట్టినవాడు ఔటయ్యేవాడు. ఇది ఫీల్డరు నేర్పుకు తగదని చాడ్విక్ వాదించాడు. 1864 చివరలో ఫెయిర్ బంతుల విషయంలో ఆ నియమం రద్దయింది.

ఫీల్డింగ్ లెక్కలు

ఫీల్డరును అతని పొరపాట్లతో కొలవడం అప్పటి అలవాటు. చేసిన ఔట్లను, ఔటుకు తోడ్పడిన విసురులను కూడి, ఆ మొత్తాన్ని పొరపాట్లు కూడా కలిపిన సంఖ్యతో భాగిస్తే ఫీల్డింగ్ సగటు వస్తుంది. చేతితొడుగులు లేని కాలం కనుక పొరపాట్లకు కొదువ లేదు. అయితే ఈ సగటులో ఒక పెద్ద లోపమున్నది: బంతిని చేరుకోలేనివాడికి పొరపాటు పడదు. ఉదాహరణకు, ఒక ఆటలో ఆరు బంతులను చేరుకొని ఒకటి జారవిడిచినవాడి సగటు .833, మూడింటినే చేరుకొని మూడూ పట్టినవాడిది 1.000. జట్టుకు మాత్రం మొదటివాడు రెండు ఔట్లు ఎక్కువ ఇచ్చాడు.

మంచి ఫీల్డరును గుర్తించవలసినది అతడు చేయని తప్పులను బట్టి కాదు, చేసిన మంచి పనులను బట్టి అని చాడ్విక్ 1870వ దశకంలోనే వ్రాశాడు. అయినా ఆ మాట చెల్లలేదు. విచిత్రమేమంటే, ఈయన తీర్చిదిద్దిన పట్టికలోనే పొరపాట్ల గడి ఉండేది. చదువరులకు ముందుగా కనబడేది అదే. సుమారు నూరేళ్ళ తరువాత, 1970వ దశకంలో, బిల్ జేమ్స్ అనే రచయిత ఔట్లను, తోడ్పాట్లను కలిపి ఆటకు ఎన్ని అని లెక్కించే రేంజ్ ఫ్యాక్టర్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. అదీ పూర్తిగా నమ్మదగిన కొలత కాదు; పిచ్చరు బ్యాటర్లను ఎక్కువగా స్ట్రైక్‌ఔట్ చేస్తే ఫీల్డర్లకు వచ్చే బంతులే తగ్గుతాయి. 2015లో మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ పరికరాలు వచ్చాక, ఫీల్డరు ఎంత దూరం పరుగెత్తి బంతిని చేరాడో కొలవడం సాధ్యమైనది.

చివరి దినాలు

బేస్‌బాల్ ఇంగ్లాండులోని రౌండర్స్ నుండి పుట్టినదని చాడ్విక్ అభిప్రాయం. ఈయన మిత్రుడు ఆల్బర్ట్ స్పాల్డింగ్ దీనిని ఒప్పుకోలేదు. స్పాల్డింగ్ చొరవతో ఏర్పడిన సంఘం, 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని తేల్చింది. చరిత్రకారులు తరువాత దీనిని తోసిపుచ్చారు.

1908లో చాడ్విక్ న్యుమోనియాతో బ్రూక్లిన్‌లో మరణించాడు. గ్రీన్‌వుడ్ శ్మశానంలోని ఈయన సమాధిపై రాతి బంతి ఉన్నది. 1938లో ఈయనను బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకొన్నారు. ఆ సంస్థ ఉన్నది కూపర్స్‌టౌన్‌లోనే.